పత్తి కట్టెతో బొగ్గు, పొగతో వేడి: నల్లగొండ జిల్లా చండూరు దగ్గర మా యూనిట్ డైరీ

పత్తి చేలల్లో కాలబెట్టే కట్టెను బొగ్గు చేయాలి. అది కాలేటప్పుడు వచ్చే పొగను ఊరి మీదికి వదలకుండా మండించి, ఆ వేడిని పక్కనే ఉన్న వ్యాపారానికి అమ్మాలి. మా ప్రాజెక్టు ఇంతే. బొగ్గు చేయడం మన దగ్గర కొత్త పని కాదు. చెరువు శిఖాల్లో సర్కారు తుమ్మ నరికి, కుప్ప పేర్చి, మట్టి కప్పి, రోజుల తరబడి పొగబెట్టి బొగ్గు తీసేవాళ్ళను నల్లగొండ, మహబూబ్‌నగర్ దిక్కు చూడనివాళ్ళు ఉండరు. ఆ పద్ధతిలో పెట్టిన కట్టెలో ఐదో వంతు బొగ్గు చేతికొస్తే గొప్ప. మిగతాదంతా గాలిలోకి పోతుంది. అట్లా పోయేదాన్ని పట్టుకోవడమే మా పని. ఈ డైరీలో ఎక్కువగా రాసేది కూడా దాని గురించే.

జనవరి: ఏ చెత్త పనికొస్తుంది

మొదట అందరూ అడిగింది ఊక గురించే. మిర్యాలగూడ ఇంత దగ్గరుండగా ఊకను వదిలి కట్టె వెంట పడటం ఎందుకని. మిర్యాలగూడలో ఊక చెత్త కాదు, సరుకు. ఉప్పుడు బియ్యం మిల్లులు వడ్లు ఉడకబెట్టడానికి, ఆరబెట్టడానికి బాయిలర్లలో మండించేది దాన్నే. మిగిలింది కొనేవాళ్ళు ఉండనే ఉన్నారు. అదొకటి. ఇంకోటి బూడిద. ఊకలో ఇంచుమించు 20 శాతం బూడిదే, అందులోనూ ఎక్కువ భాగం సిలికా. కాల్చినప్పుడు తేమ, గ్యాసు పోతాయి గానీ బూడిద ఎక్కడికీ పోదు. అందుకే ఊక బొగ్గులో సగం దాకా బూడిదే ఉంటుంది. పొలానికి వేసుకోవచ్చు, పొయ్యి నడిపేవాళ్ళకు మాత్రం అమ్మలేం. పత్తి కట్టెలో బూడిద 3 నుంచి 5 శాతమే.

పల్లీ పొట్టు మంచి సరుకే. జడ్చర్ల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు పల్లీ మిల్లులు ఉన్నచోట యూనిట్ పెట్టేవాళ్ళు దాన్నే చూసుకోవాలని నా అభిప్రాయం. మాకు మాత్రం దూరం. లారీ నిండినా బరువు ఉండదు, డబ్బంతా కిరాయికే పోతుంది. ఈ పనిలో ముడిసరుకు ఎంత దగ్గరుంటే అంత మంచిది. పాతిక కిలోమీటర్లు దాటితే నేను లెక్కలోకి కూడా తీసుకోను.

నల్లగొండలో హోటల్ నడిపే ఒకన్న అడిగాడు: "మా దగ్గర రోజూ కూరగాయల చెత్త, మిగిలిన అన్నం బస్తాలకొద్ది పడుతది. దాన్ని బొగ్గు చేయరాదా?" ఇది చాలామందికి వచ్చే సందేహం కాబట్టి లెక్క రాస్తున్నాను. కూరగాయల చెత్తలో 85 శాతం పైన నీళ్ళే. నూరు కిలోల చెత్తలో 85 కిలోల నీళ్ళను ఆవిరి చేయాలంటే, వేడెక్కించడం కూడా కలుపుకుని 50 వేల కిలోకేలరీల పైన కావాలి. మిగిలే 15 కిలోల పొడి పదార్థంలో ఉండేది మొత్తం 60 వేలు. సంపాదించిందంతా ఆరబెట్టడానికే పోతుంది. అట్లాంటి పచ్చి చెత్తకు బయోగ్యాసే సరైన దారి. అక్కడ నీళ్ళు అడ్డం కాదు, అవసరం. ఆ అన్నకు అదే చెప్పాను, గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టేవాళ్ళతో మాట్లాడమన్నాను. బొగ్గుకు ఎండినవి, కట్టెలాంటివి పనికొస్తాయి: పత్తి కట్టె, కంది కట్టె, మక్క బెండ్లు, పల్లీ పొట్టు, బత్తాయి తోటల్లో కొట్టేసిన కొమ్మలు.

వీటిలో పత్తి కట్టెనే పట్టుకోవడానికి ఇంకో కారణం ఉంది. ఏరుడు అయిపోయాక కట్టెను చేలోనే వదిలేస్తే, విచ్చుకోని కాయల్లో గులాబీ రంగు పురుగు దాక్కుని తర్వాతి పంట మీదికి వస్తుంది. అందుకే సీజన్ అయిపోగానే కట్టె తీసేయమని వ్యవసాయాధికారులు ప్రతి ఏడూ చెబుతారు. రైతుకు అదొక ఖర్చు. కూలీలను పెట్టి పీకించాలి, లేకపోతే ట్రాక్టరుతో తొక్కించాలి, అదీ కాకపోతే అగ్గిపుల్ల గీయాలి. మార్చిలో సాయంత్రం పూట మునుగోడు రోడ్డు మీద బండి మీద పోతే రెండు పక్కలా కనిపించే మంటలు అవే. రైతు దాన్ని వదిలించుకోవాలనుకుంటున్నాడు, మాకు అది కావాలి.

పొగలో ఎంత పోతుంది

యూనిట్ ఎక్కడ పెట్టాలన్న నిర్ణయం ఈ లెక్క మీదే నిలబడింది. బాగా ఎండిన పత్తి కట్టె కిలోకు సుమారు 4,000 కిలోకేలరీలు. నూరు కిలోలకు 4 లక్షలు. గాలి తగలకుండా నిదానంగా కాలిస్తే పాతిక నుంచి ముప్పై కిలోల బొగ్గు వస్తుంది. 27 కిలోలు అనుకుందాం. మంచి బొగ్గులో కిలోకు 7,000 దాకా ఉంటుంది, అంటే సుమారు 1 లక్షా 90 వేలు. మిగతా 2 లక్షల 10 వేలు? కట్టెలోంచి గ్యాసుగా, తారు ఆవిరిగా, వేడిగా బయటికి పోతుంది.

హోటళ్ళు వాడే 19 కిలోల కమర్షియల్ సిలిండర్‌లో ఉండే వేడి కూడా దాదాపు అంతే. కిలోకు 11,000 చొప్పున వేసుకుంటే 2 లక్షల 9 వేలు. నూరు కిలోల కట్టెను మామూలు పద్ధతిలో బొగ్గు చేసిన ప్రతిసారీ ఒక కమర్షియల్ సిలిండరంత వేడిని ఆకాశానికి వదిలేస్తున్నామన్నమాట. పైగా వదిలేది కళ్ళు మండించే పొగగా, కార్బన్ మోనాక్సైడుగా, మీథేన్‌గా. ఈ లెక్క మొదటిసారి కాగితం మీద చూసుకున్నప్పుడు నాకు నిద్ర పట్టలేదు. బొగ్గు అమ్మి బతకాలనుకునేవాళ్ళు అందులో సగం సరుకును పారేసుకుంటున్నారు.

బొగ్గును బస్తాలో నింపి ఎక్కడికైనా పంపొచ్చు. వేడిని మోసుకుపోలేం. కాబట్టి కట్టె ఉన్నచోట కాదు, వేడి కొనేవాళ్ళ గోడ పక్కన యూనిట్ ఉండాలి. రోజూ వేడినీళ్ళు, ఆవిరి, ఎండబెట్టే గాలి కావలసిన వ్యాపారాలు మన ప్రాంతంలో ఏమున్నాయని చూశాం. హైవే మీద హోటళ్ళు, మిల్క్ సెంటర్లు, మిర్చి ఆరబెట్టేవాళ్ళు, చేనేత రంగుల షెడ్లు. చండూరు, గట్టుప్పల్, అవతల పుట్టపాక దాకా మగ్గాలున్న ప్రాంతం మాది. నూలుకు, పట్టుకు రంగులు అద్దాలంటే నీళ్ళు కాగాలి. పట్టు జిగురు తీయాలంటే సబ్బు, సోడా కలిపిన నీళ్ళు 90 డిగ్రీలు దాటి ఉండాలి. దీనికి ఇప్పటికీ చాలా షెడ్లలో కట్టెల పొయ్యే. ఊరి చివర అట్లాంటి ఒక షెడ్డు పక్కన ఖాళీ జాగా కిరాయికి దొరికింది.

ఆ షెడ్డు నడిపే అక్కతో మాట సూటిగా అయిపోయింది. "బొగ్గు సంగతి నాకు దెల్వది తమ్మీ. పొద్దుగాల ఎనిమిదింటికల్లా నీళ్ళు మరగాలె. మరిగితె కట్టెల పైసలు నీకిస్త. ఒక్కదినం మరగకున్న నా పట్టు ఖరాబయితది, యాదుంచుకో." నాకు ఇంతకన్నా స్పష్టమైన కాంట్రాక్టు అక్కర్లేదు.

ఫిబ్రవరి: కట్టె పీకుడు

చేను అడగడం కష్టం కాలేదు. "మీరే పీక్కపోతరా? పీక్కపోండ్రి బిడ్డా. వానలకల్లా చేను సాపుంటే సాలు" అన్నది ఒక పెద్దమ్మ. రైతుకు డబ్బు ఇవ్వం, తీసుకోం. పీకే కూలీ మాది. ఎకరానికి ఇంచుమించు టన్ను ఎండు కట్టె వస్తుంది. చేను ఎట్లా పెరిగిందన్నదాన్ని బట్టి కొంచెం అటూ ఇటూ.

కష్టమంతా బరువు లేని సరుకును మోయడంలో ఉంది. పీకిన కట్టెను అట్లాగే ట్రాలీలో వేస్తే కొమ్మలు ఒకదానికొకటి చిక్కుకుని గుట్టలా కనిపిస్తాయి, కాటా వేస్తే కొన్ని క్వింటాళ్ళే. చేలోనే ముక్కలు చేసి నింపితే అదే ట్రాలీకి రెండింతల పైన పడుతుంది. అందుకని ట్రాక్టరుకు తగిలించే కట్టర్ కిరాయికి తీసుకున్నాం. ముక్క బెత్తెడు ఉంటే చాలు. మరీ సన్నగా కొడితే పీపాలో ముక్కల మధ్య వేడి తిరగడానికి సందు ఉండదు.

వేరుకు పట్టిన మట్టి విషయంలో గట్టిగా ఉండాలి. మట్టి లోపలికి పోతే బొగ్గులో బూడిద పెరిగి, అమ్మకం దగ్గర మాట పడాల్సి వస్తుంది. పీకగానే కట్టను నేలకేసి రెండు దెబ్బలు కొట్టమని కూలీలకు చెప్పాం, ఎర్ర మట్టి బంకలా పట్టిన చేలల్లో వేరే కోసేస్తున్నాం. కాయలు ఉన్న కొమ్మలను మాత్రం వదలకుండా తెస్తాం. పురుగు చేలో ఉండిపోతే రైతుకు చేసిన మేలు ఏమీ లేదు.

తేమ 15 శాతం లోపు ఉండాలి. దానికి మిషన్ కొనక్కర్లేదు. కొన్ని ముక్కలు తూచి, పెనం మీద నల్లబడకుండా నిదానంగా వేడి చేసి, బరువు తగ్గడం ఆగిపోయాక మళ్ళీ తూచితే తెలిసిపోతుంది. మన ఎండలకు పీకిన కట్టె మూడు వారాల్లో దానంతట అదే ఆ స్థాయికి వస్తుంది.

మార్చి: బట్టీ

డ్రమ్ములో కట్టె వేసి పైనుంచి ముట్టించే చిన్న బట్టీలు చాలానే ఉన్నాయి. హైదరాబాద్ సంతోష్‌నగర్‌లోని క్రీడా, అంటే కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, రైతులు చేను గట్టునే బయోచార్, అంటే పొలంలో వేసే బొగ్గు, చేసుకోవడానికి అట్లాంటి డ్రమ్ము బట్టీని తయారుచేసింది. సొంత పొలానికి వేసుకునే రైతుకు అది చక్కగా సరిపోతుంది. మాకు వేడి కూడా పట్టుకోవాలి కాబట్టి రిటార్ట్ కట్టాం.

రిటార్ట్ అంటే పెద్ద చిక్కేమీ లేదు. కట్టె ఒక ఉక్కు పీపాలో మూసి ఉంటుంది. మంట బయట, పీపా చుట్టూ. లోపల వేడెక్కిన కట్టె నుంచి వచ్చే గ్యాసును గొట్టంతో కిందికి తెచ్చి అదే పొయ్యిలోకి వదులుతాం. అది మండి పీపాను మరింత వేడి చేస్తుంది. మా పీపా ఒక ఘనమీటరు, నూరు కిలోల పైన ముక్క కట్టె పడుతుంది. 6 ఎం.ఎం. ప్లేటుతో చండూరులోని వెల్డింగ్ అన్న చుట్టి ఇచ్చాడు. బయట ఇటుక గోడ. గోడకు, పీపాకు మధ్య నుంచి మంట తిరిగి, పొగగొట్టం ఎక్కేముందు రంగుల షెడ్డులోని నీళ్ళ ట్యాంకు అడుగున పోతుంది. ట్యాంకు చుట్టూ ఇటుక గూడు కట్టి, సందులో మిర్యాలగూడ మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద నింపాం. అది వేడిని చక్కగా ఆపుతుంది, ధర కూడా దాదాపు ఏమీ లేదు. ఊకతో మాకు పడ్డ పని అదొక్కటే.

లోపల జరిగేది వరసగా రాస్తాను. ముందు సన్నటి పుల్లలతో పొయ్యి ముట్టిస్తాం. నూరు డిగ్రీల దగ్గర కట్టెలో మిగిలిన నీళ్ళు ఆవిరవుతాయి. గొట్టం నుంచి దట్టంగా తెల్లటి పొగ వస్తుంది గానీ అది మండదు, అందులో ఎక్కువ ఆవిరే. అప్పుడు తొందరపడి పుల్లలు ఆపకూడదు. రెండు వందలు దాటాక కట్టె లోపలే విడిపోయి గ్యాసు రావడం మొదలవుతుంది, పొగ పసుపు రంగులోకి తిరుగుతుంది, ఘాటెక్కుతుంది. మూడు వందల దరిదాపుల్లో గ్యాసు ఒక్కసారిగా అందుకుంటుంది. గొట్టం మూతి దగ్గర భగ్గుమని మంట నిలబడుతుంది. అక్కడి నుంచి పుల్లలు అక్కర్లేదు, బట్టీ తన గ్యాసుతో తానే నడుస్తుంది. ట్యాంకులో నీళ్ళు కాగేది కూడా ఈ దశలోనే. లోపలి వేడిని కొలిచే థర్మోకపుల్ నాలుగున్నర వందలు దాటి, గొట్టం దగ్గర మంట చిన్నదవుతూ ఆరిపోతే బొగ్గు అయినట్టే.

పొగగొట్టం నుంచి పొగ కనిపించకూడదు. కనిపిస్తే లోపల గ్యాసు పూర్తిగా మండట్లేదని అర్థం. గ్యాసు పొయ్యిలోకి దిగేచోట అది మండడానికి వేరే గాలి అందాలి, ఆ గాలి చల్లగా తగిలితే మంట ఆరిపోతుంది. అందుకని గాలి గొట్టాన్ని ఇటుక గోడలోంచే తిప్పి, వేడెక్కాక లోపలికి వచ్చేట్టు పెట్టాం. ఈ ఒక్క మార్పుతో షెడ్డు వెనక ఇండ్లవాళ్ళ భయం పోయింది. "పొగ మా దిక్కు రావొద్దు" అని మొదట్లోనే గట్టిగా చెప్పిన కాక, ఇప్పుడు సాయంత్రం వచ్చి మంట రంగు చూసి పోతాడు.

తారు గురించి వేరే చెప్పాలి. గొట్టం ఎక్కడ చల్లబడితే అక్కడ తారు పేరుకుంటుంది. పొడుగు గొట్టం, వంపులు ఎక్కువున్న గొట్టం వారం తిరక్కముందే మూసుకుపోతుంది. గొట్టం ఎంత పొట్టిగా, ఎంత వేడిగా ఉంటే అంత మంచిది. మాది జానెడు బయటికి వచ్చి మళ్ళీ పొయ్యిలోకి దిగిపోతుంది, చివర మూత తీసి సలాకతో పొడిచి శుభ్రం చేసే వీలుంది.

ఇట్లాంటిది కట్టాలనుకునేవాళ్ళు దయచేసి ఈ మూడు మాటలు పట్టుకోండి. పీపాను ఎప్పుడూ పూర్తిగా బిగించొద్దు. గ్యాసు గొట్టం మూసుకుపోతే లోపలి ఒత్తిడికి మూత లేచిపోయేట్టు మట్టితో మెత్తి, పైన బరువు పెట్టాలి తప్ప బోల్టులు వేయకూడదు. షెడ్డుకు గోడలు కట్టొద్దు, కప్పు మాత్రమే చాలు. కార్బన్ మోనాక్సైడుకు వాసన ఉండదు, ముందు తలనొప్పి, కళ్ళు తిరగడం, ఆ తర్వాత మనిషి కూలబడతాడు. చివరిది, బట్టీ నుంచి తీసిన బొగ్గును వెంటనే బస్తాకెత్తొద్దు. తాజా బొగ్గు గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుంటూ తనంతట తానే వేడెక్కుతుంది. పైకి చల్లగా ఉన్న బస్తా రాత్రికి రగులుకోవచ్చు. రాత్రంతా పీపాలోనే గాలి అందకుండా చల్లారనిచ్చి, పొద్దున తీసి, ఒక పగలూ ఒక రాత్రీ సిమెంటు నేల మీద పలచగా పరిచాకే మా దగ్గర నింపుతారు.

రంగుల షెడ్డులో

లెక్క ప్రకారం ఒక విడతలో గ్యాసుగా పోయే 2 లక్షల పైచిలుకులో మూడో వంతు నీళ్ళకు చేరినా, 30 డిగ్రీల నీళ్ళు వెయ్యి లీటర్ల పైన 90కి ఎక్కాలి. మిగతా వేడిలో కొంత బట్టీని నడపడానికి, కొంత పొగగొట్టంలో పోతుంది. నిజంగా జరిగింది కూడా దానికి దగ్గరగానే ఉంది. బట్టీ తెల్లవారుజామున ముట్టిస్తే, అక్క చెప్పిన వేళకు ట్యాంకు సిద్ధం.

ఇంకో సంగతి ముందు తేలాలి. గ్యాసు అందుకున్నాక మంట చాలా పెద్దది, తర్వాత తగ్గిపోతుంది. షెడ్డుకు రోజంతా వేడి కావాలి. మంటను సాగదీయలేం కాబట్టి వేడినే నిల్వ చేయాలి. పెద్ద ట్యాంకు, మందంగా ఊక బూడిద, పైన గట్టి మూత. పొద్దున మరిగిన నీళ్ళతో ముందు పట్టు జిగురు తీస్తారు. కొంచెం చల్లబడ్డాక 50, 60 డిగ్రీల వేడి చాలే నూలు రంగులు పెడతారు. అక్క తన పని వరసను వేడి దిగే వరసకు తగ్గట్టు తనే మార్చుకున్నది. ఆ ఆలోచన ఆమెదే. యూనిట్ నిలబడ్డది అక్కడ.

ఆమె కళ్ళు ఇదివరకు ఎప్పుడూ ఎర్రగా ఉండేవట. పొయ్యి ముందు కూర్చుని ఊదే పని తప్పింది. ఇది డబ్బులో రాయలేను, అయినా మా లెక్కల్లో ఇదే పైన ఉండాలని నాకు అనిపిస్తుంది.

ఏప్రిల్, మే: బొగ్గు కొనేవాళ్ళు

మంచి బొగ్గు విరిస్తే టక్కున విరుగుతుంది, లోపల కూడా నల్లగా మెరుస్తుంది. గోధుమ రంగు కనిపిస్తే అది సగం కాలింది, పొయ్యిలో పొగ వేస్తుంది. పత్తి కట్టె బొగ్గు నాణ్యతలో తక్కువ కాదు గానీ తేలిక. సర్కారు తుమ్మ బొగ్గులాగా గంటల తరబడి నిలవదు.

నల్లగొండలో ఇస్త్రీ బండి పెట్టే ఒక కాకకు శాంపిల్ ఇస్తే రెండో రోజుకు చెప్పాడు: "జల్ది అంటుకుంటది, మంచిగనే ఉన్నది. గని జల్ది అయిపోతున్నది. మల్ల మల్ల ఎయ్యాలంటె తెల్ల అంగీల మీద బూడిద ఎగిరి పడ్తది." ఆయన మాటతోనే బిళ్ళలు చేయడం మొదలైంది. బొగ్గును పొడి చేసి, గంజితో కలిపి, అచ్చులో నొక్కితే బరువు వస్తుంది, నిదానంగా కాలుతుంది. గంజికి నూకల పిండి వాడుతున్నాం. చల్లటి నీళ్ళలో కలిపితే పట్టదు, ఉడికి జిగురు రావాలి. పొడి బరువులో 5 శాతం దగ్గర ఆపితే బిళ్ళ గట్టిగా ఉంటుంది. 10 దాటితే ముట్టించినప్పుడు మాడిన అన్నం వాసన. కొంతమంది బరువు కోసం బంకమట్టి కలుపుతారు. మేం కలపం. బూడిద పెరిగితే మొదట నష్టపోయేది ఇస్త్రీ కాకలాంటివాళ్ళే.

ఎండబెట్టడానికి మన మే నెలకు మించిన డ్రయ్యర్ లేదు. నల్లగొండ ఎండకు బిళ్ళలు రెండు మూడు రోజుల్లో గలగలమంటాయి. తొలి రోజు మాత్రం నీడలో ఉంచాలి, లేకపోతే పైపొర ముందే ఎండి పగుళ్ళు వస్తాయి.

హైవే ధాబా వాళ్ళ కథ వేరు. తందూరీకి పెద్ద ముక్క, ఎక్కువ సేపు నిలిచే నిప్పు కావాలి. ఒక ధాబా మాస్టర్ మా బిళ్ళలను అడుగున వేసి, పైన మామూలు బొగ్గు పేర్చి చూశాడు. ముట్టించడం తేలికైంది, పూర్తిగా మారడానికి మాత్రం ఆయన ఒప్పుకోలేదు. ఆయన్ను నేను బలవంతం చేయను. ఏ సరుకుకు ఏ పొయ్యి సరిపోతుందో ఆ పొయ్యికే అమ్మాలి. మాకు సరిపోయేవి ఇస్త్రీ బండ్లు, కమ్మరి కొలుములు, మక్క కంకులు కాల్చే బండ్లు, ఇంట్లో సాంబ్రాణికి నిప్పులు వేసుకునేవాళ్ళు.

జూన్ తర్వాత

వానలు పడ్డాక బట్టీ ఆగకూడదంటే ఎండాకాలంలో తెచ్చిన ముక్కకట్టె తడవకుండా ఉండాలి. బరువు లేని సరుకు కాబట్టి జాగా చాలా కావాలి. రేకుల షెడ్డు ఖర్చు బట్టీ ఖర్చును దాటింది. ఇట్లాంటిది మొదలుపెట్టేవాళ్ళు పెట్టుబడి లెక్కలో ముందు గోదామును రాసుకోవాలి.

కాగితాల సంగతి. అటవీ చట్టం బొగ్గును, అది అడవి నుంచి వచ్చినా రాకపోయినా, అటవీ ఉత్పత్తుల్లో చేర్చింది. కాబట్టి బొగ్గు బస్తాలతో బండి రోడ్డెక్కితే ఆపి అడుగుతారు, అది చెట్టు బొగ్గా పంట బొగ్గా అన్నది వాళ్ళకు చూడగానే తెలియదు. రైతు పేరు, సర్వే నంబరు, ఎన్ని ట్రాలీల కట్టె తెచ్చామన్నది రిజిస్టరులో రాసి రైతు సంతకం తీసుకుంటున్నాం. బిళ్ళ రూపంలో ఉండటం కూడా మేలు చేస్తున్నది.

చండూరు, మునుగోడు, మర్రిగూడ ప్రాంతం కాబట్టి ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది: ఈ బొగ్గుతో ఫ్లోరైడ్ నీళ్ళు శుభ్రమవుతాయా? కావు. మామూలు కట్టెబొగ్గుకు ఫ్లోరైడ్‌ను పట్టే గుణం లేదు. ఎముకల బొగ్గుకు ఉంది, ఎందుకంటే దానిలోని కాల్షియం ఫాస్ఫేట్ ఆ పని చేస్తుంది. నీళ్ళలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతి ఒకటి మన జిల్లా పేరుతోనే ఉంది, నల్లగొండ టెక్నిక్. దాన్ని నాగ్‌పూర్‌లోని నీరీ, అంటే జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ, రూపొందించింది, అందులో వాడేవి పటిక, సున్నం. ఆ ఫ్లోరైడ్ నీళ్ళు తాగినవాళ్ళ ఒళ్ళు చూసి, ఎముకలు వంగిపోయిన బతుకులు చూసి పెరిగినవాళ్ళం. ఈ విషయంలో అమ్మకం కోసం ఒక్క తప్పుడు మాట కూడా మా నోట రాకూడదు.

జల్లెడ కింద పడే పొడి, అచ్చుకు రాని ముక్క బత్తాయి తోటలకు పోతోంది. ఒట్టి బొగ్గు పొడి మట్టిలో కలిపితే కొన్నాళ్ళు మొక్కకు అందాల్సిన నత్రజనిని అదే పట్టుకుంటుంది. పేడ నీళ్ళలో నానబెట్టి, పెంటతో కలిపి వేయాలి. బొగ్గుది క్షార గుణం, కాబట్టి చెల్క నేలలకు సరే గానీ చౌడు ఉన్న నేలలకు ఇవ్వడం లేదు.

దామరచర్ల దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రం ఉంది కదా, అక్కడికి అమ్మరాదా అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అది 5 యూనిట్లు, 4,000 మెగావాట్ల కేంద్రం. బొగ్గుతో నడిచే కరెంటు కేంద్రాల్లో 5 శాతం పంట వ్యర్థాల పెల్లెట్లు, అంటే నొక్కి చేసిన గుళికలు, కలిపి మండించాలని కేంద్ర ప్రభుత్వం 2021లో విధానం మార్చింది. అక్కడికి సరఫరా చేయాలంటే పెల్లెట్ మిల్లు, లారీలు, నిల్వ, బ్యాంకు రుణం అన్నీ కావాలి. పెట్టగలిగినవాళ్ళు పెట్టాలి, చేలో కాలిపోయే కట్టె అంతకన్నా ఎక్కువే ఉంది. నా దృష్టి మాత్రం పక్క షెడ్డు మీదే ఉంటుంది. కట్టెను మండించి కరెంటు చేస్తే వేడిలో మూడింట రెండు వంతులు పోతాయి. అదే కట్టె నీళ్ళు మరిగించి, బొగ్గు కూడా ఇచ్చిందంటే ఊరికి మిగిలేది ఎక్కువ.

డబ్బు సంగతి

ఒట్టి బొగ్గు అమ్మకం మీదే ఉంటే కూలీ, కట్టర్ కిరాయి, నూకల పిండి పోను మిగిలేది చాలా తక్కువ. మధ్యలో ఒక నెల షెడ్డుకు పట్టు రాక, నీళ్ళు కాచే పని ఆగినప్పుడు అది స్పష్టంగా తెలిసింది. ఆ నెలంతా టెన్షనే. షెడ్డు నడిచిన నెలల్లో వేడి మీద వచ్చే డబ్బు జాగా కిరాయి, ఇద్దరి జీతం మోసింది, బొగ్గు మీద వచ్చింది మిగిలింది. అందుకే రెండో వేడి కొనుగోలుదారు కావాలి. పాలు వేడిచేసే కోవా బట్టీ ఒకటి మా గోడకు అవతలికి రావడానికి మాట్లాడుతున్నది.

వచ్చే సీజన్‌కు

ఒకే పీపా ఉండటం వల్ల చల్లారేదాకా బట్టీ ఖాళీగా ఉంటున్నది. రెండో పీపా చుట్టించి, చిన్న చెయిన్ పుల్లీతో పైకి తీసి మార్చేట్టు చేస్తే ఒకటి చల్లారుతుండగా ఇంకోటి నడుస్తుంది. వెల్డింగ్ అన్నకు కొలతలు ఇచ్చాం. చెయిన్ పుల్లీ వేలాడదీసే గడ్డర్ బలం చూడటానికి ఒక ఇంజినీరును పిలిచాం, ఆయన లెక్క ఇచ్చాకే పని మొదలవుతుంది. ట్యాంకుకు ఇంకో నీళ్ళ గొట్టం కోవా బట్టీ వైపు తీయాలి.

డిసెంబరులో ఆఖరి ఏరుడు అయ్యే చేల జాబితా రాస్తున్నాం. ఈసారి కట్టె పీకించమని రైతులే ముందుగా ఫోన్ చేస్తున్నారు. మునుగోడు దిక్కున్న చేలు ముందు, మా జిల్లా నాంపల్లి వైపువి తర్వాత. కట్టర్ ట్రాక్టరు జనవరి మొదటి వారం నుంచే మా చేతికి రావాలని కిరాయి మాట అయిపోయింది.